తెలుగు అక్షరానికి ప్రూఫు దిద్దేదెవరు?

కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ గురించి ఎవరైనా టపా రాస్తే జెంకిన్స్ ఇన్‌స్టాల్ చెయ్యడం దగ్గర మొదలెడతారు. నేను విజయవాడ అచ్చాఫీసుల దగ్గర మొదలెడుతున్నాను. దారి కొంచెం చుట్టే, కానీ చివరికి మన ఫోన్‌లో తెలుగు అక్షరం కింద వత్తు సరిగ్గా ఎలా వచ్చి కూర్చుంటోంది అన్న దగ్గరికే చేరుతుంది. కొంచెం ఓపిక పట్టండి.

కృష్ణా డెల్టాకి వరి ఎంత ముఖ్యమో అచ్చు కూడా ఒకప్పుడు అంత ముఖ్యం. బందరులో ఎం. శేషాచలం అండ్ కంపెనీ ఉండేది, ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలే తరవాత ఎమెస్కో అయ్యాయి. విజయవాడలో 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి మొదలయ్యాయి. ఇక నవలలు, గైడ్లు, పంచాంగాలు, పెళ్ళి శుభలేఖలు వేసే చిన్నా పెద్దా ప్రెస్సులకి లెక్కే లేదు. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు కేసుల్లోంచి ఒక్కో అక్షరం తీసి పేర్చేవాడు. ఇంగ్లీషు వాడికి పెద్ద బడి, చిన్న బడి, అంకెలు, చుక్కలు ఉంటే చాలు. మనకి గుణింతాలు, వత్తులు, వత్తుల మీద మళ్ళీ వత్తులు... కేసులు గోడ పొడుగునా ఉండాల్సిందే. పేర్చాక గాలీ ప్రూఫు తీస్తారు. ప్రూఫు రీడరు తప్పులకి గుర్తులు పెడతాడు, కంపోజిటరు సరిదిద్దుతాడు. ఆ తరవాత *మళ్ళీ* ప్రూఫు తీస్తారు.

ఈ "మళ్ళీ"లోనే ఉంది అసలు సంగతంతా. ఒక వరుసలో తప్పు అక్షరం పీకి మంచి అక్షరం పెట్టేటప్పుడు, పక్కన బాగున్న అక్షరం జారిపోవచ్చు, తలకిందులు కావచ్చు, వెడల్పు పెరిగి చివరి మాట కింది వరుసలోకి పోవచ్చు. అందుకని దిద్దిన చోటు ఒక్కటే చూస్తే చాలదు, మొత్తం చూడాలి. మనం రిగ్రెషన్ టెస్టింగ్ అని స్టైలుగా పిలుచుకునేది ఇదే. తేడా ఒక్కటే, వాళ్ళ పైప్‌లైన్‌లో కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఉండేవాడు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఈ పనిని మిషనుకి అప్పగించిన చరిత్ర మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తా. 1990ల చివర్లో నెట్‌స్కేప్, మొజిల్లా వాళ్ళకి టిండర్‌బాక్స్ ఉండేది. ఎవరు చెక్-ఇన్ చేశాక బిల్డ్ తగలబడిందో అందరికీ కనపడేలా రంగుల గళ్ళలో చూపించేది. మార్టిన్ ఫౌలర్ కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ మీద తన వ్యాసం 2000లో పెట్టాడు. 2001లో క్రూజ్‌కంట్రోల్ వచ్చింది, తరవాత సన్‌లో కొహ్సుకె కవగుచి రాసిన హడ్సన్ వచ్చింది. ఒరాకిల్‌తో పేరు గొడవలయ్యాక 2011లో అది జెంకిన్స్ అయింది. అదే ఏడాది ట్రావిస్ సీఐ వచ్చి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఊరికే పరీక్షలు నడిపి పెట్టడం మొదలెట్టింది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. మరి ఇందులో తెలుగు ఎక్కడుంది?

కంప్యూటర్లో తెలుగు అక్షరం సీసపు అక్షరంలాంటిది కాదు. మా వైపు కృష్ణ ఒడ్డున ముక్త్యాల అని ఊరుంది. ఆ పేరు తెరమీద మూడక్షరాలు. యూనికోడ్‌లో దాన్ని రాస్తే తొమ్మిది సంకేతాలు: మ, కొమ్ము, క, పొల్లు, త, పొల్లు, య, దీర్ఘం, ల. నడిమి అక్షరం చూడండి. దీర్ఘం టైపు చేసింది య తరవాత, కానీ తెరమీద అది వెళ్ళి క నెత్తిన కూర్చోవాలి. త, య వత్తులుగా మారి ఒకటి కిందకీ ఒకటి పక్కకీ పోవాలి. సీసం రోజుల్లో కంపోజిటరు బుర్రలో జరిగే ఈ పనిని ఇప్పుడు షేపింగ్ ఇంజన్ అనే ప్రోగ్రాం చేస్తుంది. అది తప్పు చేస్తే వత్తు ఎక్కడో తేలుతుంది, లేకపోతే మధ్యలో చుక్కల గుండ్రం ఒకటి వచ్చి వెక్కిరిస్తుంది.

మొదట్లో మనవాళ్ళు ఈ గొడవే లేకుండా అడ్డదారి తొక్కారు. ఒక్కో పత్రికా తన సైటుకి తన సొంత ఫాంటు, ఆ ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు. అంటే సీసపు కేసుని యథాతథంగా కంప్యూటర్లోకి ఎత్తుకొచ్చారన్నమాట. చూడ్డానికి బాగానే ఉండేది, కానీ వెతకడానికి వీల్లేదు, ఒకరి సైటు నించి కాపీ చేస్తే ఇంకోచోట చెత్త. ఆ చెత్తని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలవ్వడానికి కారకుడు కూడా ఆయనే. ఈ రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా జరగడం నాకు కాకతాళీయంగా అనిపించదు. అక్షరం వెతకడానికి పనికిరావాలి అనుకున్నవాడికే విజ్ఞానసర్వస్వం అవసరం తెలుస్తుంది.

విండోస్ ఎక్స్‌పీలో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది, దానికి వెనకాల యూనిస్క్రైబ్ అనే మైక్రోసాఫ్ట్ షేపింగ్ ఇంజన్ ఉంది. లినక్స్ వైపు పరిస్థితి వేరు. ఫ్రీటైప్‌లో పుట్టిన లేఅవుట్ కోడు ఒక కాపీ పాంగోలో, ఇంకో కాపీ క్యూట్‌లో, ఎవరి మరమ్మతులు వాళ్ళవి. ఒకచోట బాగుచేసిన తెలుగు బగ్గు ఇంకోచోట అలాగే ఉండేది. ఈ కాపీలన్నీ కలిపి ఒకటే చేద్దామని వచ్చిందే హార్ఫ్‌బజ్. ఆ పేరు ఫారసీ, "ఓపెన్ టైప్" అన్న మాటకి సరదా అనువాదం. దాన్ని నడిపించింది ఇరాన్ నించి కెనడా వెళ్ళిన బెహదాద్ ఎస్ఫహబోద్. తెలుగు ఆయన మాతృభాష కాదు, కన్నడమూ కాదు, సింహళమూ కాదు. ఈ లిపులన్నిటికీ కలిపి 2011-12 ప్రాంతంలో ఆయన కొత్త ఇండిక్ షేపర్ రాశాడు.

ఇప్పుడు ఇంజనీరుగా ఆలోచించండి. మీకు చదవడం రాని భాషలకి కోడు రాస్తున్నారు, ఒకటి కాదు, పది పన్నెండు. ఒక భాషకి సరిచేస్తే ఇంకోటి పాడవుతోందేమో ఎలా తెలుస్తుంది? ప్రతి భాషకీ ఒక ప్రూఫు రీడరుని ఎక్కణ్ణించి తెస్తారు?

ఆయన చేసిన పని సింపుల్. ప్రతి భాషకీ ఆ భాష వికీపీడియా నించి పదాలు తోడుకున్నాడు. ఒక్కో పదాన్నీ ఒకే ఫాంటుతో అటు యూనిస్క్రైబ్‌కీ ఇటు హార్ఫ్‌బజ్‌కీ ఇచ్చి, వచ్చిన ఫలితాలని పోల్చాడు. తేడా వస్తే ఫెయిల్. ఆ లెక్కలన్నీ కమిట్ సందేశాల్లోనే రాసుకుంటూ పోయాడు. ఇప్పటికీ గిట్ చరిత్ర తవ్వితే కనపడతాయి. వాటిల్లో ఒకచోట తెలుగు లెక్క ఇది: 970573 పదాల్లో 970555 పాస్, 18 ఫెయిల్. అదే లెక్కలో మన పక్కింటి కన్నడానికి 951913లో 723 ఫెయిల్, తమిళానికి 1091754లో ఒక్కటీ లేదు (తమిళంలో వత్తుల బాధ లేదు కదండీ, వాళ్ళ అదృష్టం). కోడులో ఒక మార్పు చేసినప్పుడల్లా ఈ అంకెలు పెరిగాయా తగ్గాయా అన్నదే కొలబద్ద.

దాదాపు తొమ్మిది లక్షల డెబ్భై వేల తెలుగు పదాలు! వీటిని ఎవరూ టెస్ట్ డేటా అని రాయలేదు. తమ ఊరి గురించి, తమ వీధి గుడి గురించి, చిన్నప్పుడు చూసిన సినిమా గురించి రాసుకున్నారంతే. మొదటి రోజుల్లో తెలుగు వికీలో బాట్లతో వేలకొద్దీ గ్రామాల పేజీలు పెట్టారు, ఊరికే ఊరి పేరూ మండలం పేరూ ఉండే పేజీలు. "ఇదేం విజ్ఞానసర్వస్వం, ఖాళీ పేజీలు నింపి లెక్క పెంచుకుంటున్నారు" అని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. చదివేవాడి వైపు నించి చూస్తే ఆ మాటలో కొంత నిజం కూడా ఉంది. కానీ టెస్టర్ కళ్ళతో చూడండి: కృత్తివెన్ను, పెనుగంచిప్రోలు, వత్సవాయి, భట్టిప్రోలు, మొగల్రాజపురం... ఏ పాఠ్యపుస్తకం వర్ణమాలలో ఇన్ని రకాల సంయుక్తాక్షరాలు దొరుకుతాయి? మొగల్రాజపురంలోని ల కింద ర వత్తు చూడండి, సంస్కృతం పదాల జాబితా పెట్టుకుని పరీక్షించేవాడికి అది ఎప్పటికీ తట్టదు.

తెలుగు వికీపీడియా పదేళ్ళ పండగ 2014 ఫిబ్రవరిలో మన విజయవాడలోనే, కేబీఎన్ కాలేజీలో జరిగింది. వికీ రచయితలకి ఇచ్చే పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు పెట్టుకున్నారు. ఆయన 1877లో పుట్టింది పెనుగంచిప్రోలులో. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, తరవాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకుని, అది పూర్తి కాకుండానే 1923లో పోయారు. ఆ సభలో కూచున్నవాళ్ళలో తాము రాసిన పదాల మీద ఒక షేపింగ్ ఇంజన్ అప్పటికే పరీక్ష రాసేసిందని ఎంతమందికి తెలుసో మరి. తెలియాల్సిన అవసరం కూడా లేదనుకోండి. కానీ ఆ ఇంజనే అప్పటికి ఆండ్రాయిడ్‌లోకి, ఫైర్‌ఫాక్స్‌లోకి వెళ్ళింది. 2013లో లిబ్రెఆఫీస్ 4.1 లినక్స్ మీద దానికే మారింది. ఆండ్రాయిడ్ 4.1 వచ్చిన 2012లోనే గూగుల్ వాళ్ళు కన్నడ, తెలుగు, మలయాళాలకి సపోర్టు ఇస్తున్నామని చెప్పుకున్నారు. అంతకుముందు ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగంటే డబ్బాలే.

ఇక్కడ ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. 18 ఫెయిల్ అంటే 18 తప్పులని కాదు, మిగతావన్నీ ఒప్పులనీ కాదు. ఆ పరీక్ష కొలిచింది యూనిస్క్రైబ్‌తో ఏకీభావాన్ని. మైక్రోసాఫ్ట్ వాడు ఎక్కడైనా తప్పు చేసి ఉంటే, దాన్ని నమ్మకంగా కాపీ కొట్టినందుకు కూడా పాస్ మార్కే పడుతుంది. ప్రూఫు రీడరు పోలిక దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. అచ్చాఫీసులో ఆయన చూసేది భాష, ఇక్కడ ఒక మిషను ఇంకో మిషనుని చూస్తోంది. ఇంకో సంగతి: ఆ లక్షల పదాల పట్టీ విడిగా వేరే రిపాజిటరీలో ఉంటుంది. ప్రతి కమిట్‌కీ సీఐలో నడిచేవి కోడుతో పాటే ఉండే చిన్న పరీక్షలు. వాటిల్లో తెలుగుకి కూడా ఒక ఫోల్డరు ఉంది. అందులో ఒక కొత్త పరీక్ష చేరాలంటే "ఇది తప్పుగా కనిపిస్తోంది, సరైన రూపం ఇది" అని తెలుగు చదవడం వచ్చినవాడెవడో వచ్చి చెప్పాలి. ఆ పని ఏ సర్వరూ చెయ్యదు.

సరే, 2018కి వద్దాం. ఆ ఫిబ్రవరిలో ప్రపంచమంతా తెలుగు పేరు మోగిపోయింది. సినిమా వల్లో ఎన్నికల వల్లో కాదు. ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలిపోతోందని వార్త. నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా దారుణం, ఫోన్ హోం స్క్రీన్ కూడా నిలబడేది కాదు. పేపర్లన్నీ "తెలుగు అక్షరం బగ్" అనే రాశాయి, మనవాళ్ళు కొందరు గర్వపడ్డారు కూడా :). ఆ అక్షరం జ్ఞా. "జ్ఞానం"లో జ్ఞా, "విజ్ఞాన సర్వస్వం"లో జ్ఞా!

అయితే మామూలు జ్ఞా కాదు. ఆ వరుసలో ఞ తరవాత, దీర్ఘానికి ముందు, కనపడని సంకేతం ఒకటి దూరి ఉంది: జీరో విడ్త్ నాన్ జాయినర్. మనకి అది కొత్తేమీ కాదు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట పొల్లుకీ వ కీ మధ్య దాన్ని పెట్టకపోతే "సాఫ్ట్వేర్" అని వ కాస్తా కింద వత్తయి కూర్చుంటుంది. కాబట్టి తెలుగులో ఇంగ్లీషు మాటలు రాసే ప్రతివాడూ రోజూ వాడే సరుకే. కానీ పొల్లు తరవాత వాడతాం గానీ హల్లుకీ దాని దీర్ఘానికీ మధ్య ఎవరూ కావాలని పెట్టరు. ఇది తెలుగు ఒక్కదానికే పట్టిన తెగులు కాదని తరవాత తేలింది. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని ఇలాంటి వరుసలకి అదే గతి. తప్పు అక్షరంలో లేదు, యాపిల్ వాడి కోర్‌టెక్స్ట్ మెమరీని పాడుచేసుకోవడంలో ఉంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. 2015లో కూడా అరబిక్, దేవనాగరి ముక్కలు కలిసిన ఒక మెసేజ్ ఐఫోన్లని ఇలాగే పడగొట్టింది. అంటే హెచ్చరిక మూడేళ్ళ ముందే వచ్చిందన్నమాట.

హార్ఫ్‌బజ్ వాడే ఆండ్రాయిడ్ ఫోన్లకి ఆ వరుస వల్ల ఏమీ కాలేదు. "చూశారా, ఓపెన్ సోర్స్!" అని జెండా ఎత్తేయాలని నాకూ ఉంది. కానీ నిజాయితీగా మాట్లాడాలంటే వికీపీడియా పదాల పరీక్ష ఈ రకం బగ్గుని పట్టదు. జ్ఞానం అన్న మాట వికీలో ఎన్ని వేల సార్లున్నా సరే, అది మనుషులు రాసిన సవ్యమైన తెలుగు. ఇలాంటి అపసవ్యపు వరుస మనుషుల రాతలో అరుదు. దాన్ని పట్టాలంటే అర్థంపర్థం లేని ఇన్‌పుట్ కావాలి, అంటే ఫజ్జింగ్. 2016 డిసెంబరులో గూగుల్ ఓఎస్ఎస్-ఫజ్ అనే సర్వీసు ప్రకటించింది. ఓపెన్ సోర్స్ లైబ్రరీలకి రాత్రింబవళ్ళు చెత్త తినిపించి ఎక్కడ కక్కుకుంటాయో చూడటమే దాని పని. ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్ రెండూ దాంట్లో ఉన్నాయి. అక్కడ దొరికిన ప్రతి చెత్త ఫైలుకీ ఒక పరీక్ష రాసి కోడులో పెట్టేస్తే, ఆ తప్పు మళ్ళీ దొంగచాటుగా రాలేదు. మంచి తెలుగూ కావాలి, పిచ్చి తెలుగూ కావాలి. ఒకదాని పని ఇంకోటి చెయ్యలేదు.

(చిన్న పిడకల వేట. ఈ పొల్లు గొడవంతా హల్లులోనే అ దాగి ఉండటం వల్ల కదా. ఇదే డెల్టాలో భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీకి దొరికిన ధాతు కరండాల మీది బ్రాహ్మి రాతలో ఆ దాపరికం లేదు. అక్కడ అ కారానికి కూడా విడిగా గుర్తు పెట్టారు. అంటే అచ్చు గుర్తు లేని హల్లు ఒట్టి హల్లే! క్రీస్తు పూర్వమే మా వైపు ఎవరో ఇంత శుభ్రమైన ఎన్‌కోడింగ్ ఆలోచించారు, అది నిలబడలేదు. నిలబడి ఉంటే షేపర్ రాసేవాళ్ళకి సగం పని తప్పేది.)

ఫాంట్ల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి అనే తెలుగు ఫాంటుంది. గుత్తుల పురుషోత్తం కుమార్ రూపొందిస్తే సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. ఆ పేరు దివిసీమ మనిషి, 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలప్పుడు విద్యామంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారిది. గూగుల్ ఫాంట్స్ వాళ్ళకి ఫాంట్‌బేకరీ అనే పరీక్షల గుత్తి ఉంది. పేర్లు సరిగ్గా ఉన్నాయా, లైసెన్సు ఉందా, వరుసల ఎత్తు కొలతలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని చూస్తుంది. ఎత్తు కొలతల విషయం మనకి మరీ ముఖ్యం, ఎందుకంటే ఇంగ్లీషుకి సరిపడా లెక్క పెడితే కింది వత్తులు తెగిపోతాయి. చాలా యాప్‌ల్లో బటన్ల మీద తెలుగు ఇప్పటికీ కాళ్ళు నరికినట్టు కనపడేది అందుకే. అయితే "లక్ష్మి"లో వత్తులు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయా లేదా అన్నది మాత్రం ఆ గుత్తిలోని పరీక్షలకి వాటంతటవే తెలియదు.

చివరగా పరీక్షల పట్టీలో లేని అక్షరం ఒకటి. పాత తెలుగు అచ్చు పుస్తకాలు తిరగేసినవాళ్ళకి నకారపు పొల్లు గుర్తుండే ఉంటుంది. పదం చివర న్ రావలసిన చోట వాడే ప్రత్యేకమైన రూపం. దానికి యూనికోడ్‌లో స్థానం వచ్చింది 2021లో, 14.0 వెర్షన్‌లో, నుక్తా గుర్తుతో పాటు. అంతకు తొమ్మిదేళ్ళ ముందు తోడిన ఆ 970573 పదాల్లో అది ఉండే అవకాశమే లేదు. లక్ష్మణరావు గారి కాలం నాటి పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాలనుకునే వాళ్ళకి ఇప్పుడు ఆ అక్షరం అందుబాటులో ఉంది. వాళ్ళు టైపు చేసిన పదాలు ఇంకో పదేళ్ళకి ఎవరో తోడుకుంటారు.